‘టేక్’ పేపర్లో ముప్పై ఎనిమిది

ఇందిరాపురం,
జూలై 6

పూర్ణా,

నీ ఉత్తరం అందింది. ఫోను చేయడం లేదని అలిగావట. ఫోనులో నువ్వు వినవు, మాట్లాడతావు. కాగితం మీదైతే నా వంతు అయ్యేదాకా ఆగక తప్పదు. బి.ఎడ్. అయిన రోజు నుంచీ మనకు ఇదే పద్ధతి. ఇప్పుడు మార్చను.

ముందు వార్త. నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చింది. నీ కొడుకు చలవే. జశ్వంత్ హెచ్.ఆర్. మేనేజరుగా ఉన్న గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ అచ్చు మెషీన్లు బిగించడానికి చైనా నుంచి ఆరుగురు ఇంజినీర్లు వచ్చి ఉన్నారు. వాళ్ళ మాట తర్జుమా చేసే కుర్రాడు వీసా గడువు తీరి వెళ్ళిపోయాడు. కొత్తవాడు దొరకలేదు. అందుకని వీళ్ళకే ఇంగ్లీషు నేర్పిద్దామని కంపెనీ అనుకుంది. జశ్వంత్ ఇంటికి వచ్చి, “ఆంటీ, ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పారు కదా, వీళ్ళూ పిల్లల్లాంటివాళ్ళే” అన్నాడు. కృపారావు గారు పోయాక ఈ ఫ్లాటులో టీవీ తప్ప నాతో మాట్లాడేవాళ్ళు లేరు. అమ్మాయి ఫెయిత్ సాకేత్‌లోని ఆస్పత్రిలో నర్సు డ్యూటీ చేసి వచ్చి పడుకుంటుంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. సరే అన్నాను. వారానికి మూడు సాయంత్రాలు, క్యాంటీను పక్క గదిలో. కారు పంపుతారు.

మొదటి వారం పుస్తకం పట్టుకుని చెప్పాను. ఆరుగురూ తలలూపారు. ఒక్క ముక్క ఎక్కలేదు. రెండో వారం పుస్తకం మూసి, “మీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్న మాట ఏది?” అని అడిగాను. కఠినమైన మాట ఏదో చెబుతారనుకున్నాను. లియాంగ్ అని వాళ్ళలో పెద్దవాడు, నలభై అయిదేళ్ళుంటాయి, లేచి నిలబడి బోర్డు మీద రాశాడు: ‘టేక్’.

నాకు నవ్వొచ్చింది. గంట తర్వాత రాలేదు. వాళ్ళ భాషలో మందు ‘తింటారు’. బస్సులో ‘కూర్చుంటారు’. ఫోటో ‘చరుస్తారు’. జ్వరం ‘కొలుస్తారు’. సమయాన్ని ‘ఖర్చు పెడతారు’. గొడుగు ‘వెంట తెస్తారు’. పుస్తకాన్ని ‘చేత్తో పట్టుకుంటారు’. ఇన్నిటికీ ఇంగ్లీషువాడు ఒక్క ‘టేక్’ పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాడు. లియాంగ్ దాన్ని ఫ్యాక్టరీ లెక్కలో చెప్పాడు: “టీచర్, మా దగ్గర ఒక్కో పనికి ఒక్కో వర్కర్. ఇంగ్లీషులో ఒక్కడే అన్ని మెషీన్లూ నడుపుతున్నాడు.”

నేను మన భాషలో లెక్క వేసుకున్నాను. మనం మందు వేసుకుంటాం, బస్సు ఎక్కుతాం, ఫోటో తీస్తాం, జ్వరం చూస్తాం, గొడుగు పట్టుకెళ్తాం, టైము పడుతుంది. అంటే మనమూ చైనావాళ్ళ పక్షమే. ముప్పై ఏళ్ళు ఆ మాట పిల్లలకి చెప్పాను. ఇది కష్టమని ఒక్కసారి తట్టలేదు.

కాకినాడలో వానలు పడ్డాయా? ఇక్కడ ఏసీ లేనివాళ్ళు బతికి ఉన్నారంటే గొప్పే.

నీ
రెబ్కా

*

కాకినాడ,
జూలై 19

ఒసే రెబ్కా,

మా వాడి పేరు మంచిగా రాసిన ఉత్తరం నీ దగ్గర్నుంచి ఇదే మొదటిది. దాచుకున్నాను. చిన్నప్పుడు వాడికి సెలవుల్లో ఇంగ్లీషు చెప్పి, చివర్లో పరీక్ష పెట్టి నలభై వేసి ఏడిపించావు, గుర్తుందా? నూటికి నలభై. వాడు మా వీధిలో ఇంగ్లీషు మాట్లాడే ఒకే ఒక్క పిల్లాడు.

ఆ చైనావాళ్ళని తలుచుకుంటే జాలేస్తోంది. నీ చేతిలో పడ్డారు. తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడి బతిమాలినా అర మార్కు కలపని మనిషివి. “వంద దేవుడికి, ఎనభై నాకు, మిగతాది మీరు పంచుకోండి” అనేదానివి పిల్లలతో. ఆ పరాయి మనుషులకైనా కాస్త చెయ్యి విదిలించవే.

జశ్వంత్ సంగతి నీకు తెలిసిందే. పాత కంపెనీ మూసేశాక ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఏడాది వాడి మొహం ఎలా ఉండేదో, అలా నేను మళ్ళీ చూడదలచుకోలేదు. ఇప్పుడు ఇంద్రజకి అయిదో నెల. దీపావళి తర్వాత ప్రమోషన్ వస్తుందంటున్నాడు. నువ్వు అక్కడ ఉన్నావు, వాడి మీద ఒక కన్నేసి ఉంచు. అత్తగా కాదు, టీచరుగా. టీచరు మాట వింటాడు.

వానలు పడ్డాయి. మా వీధిలోకి నీళ్ళొచ్చాయి, పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

పూర్ణ

*

ఇందిరాపురం,
సెప్టెంబరు 14

పూర్ణా,

చెయ్యి విదిలించలేదు. మొన్న పరీక్ష పెట్టాను. పేపరు మొత్తం ‘టేక్’ మీదే. లియాంగ్‌కి నూటికి ముప్పై ఎనిమిది. అతను క్లాసులో ఫస్టు. మార్కులు హెచ్.ఆర్.కి పంపాలన్నారు, పంపాను.

పరీక్ష కన్నా వాళ్ళకి పనికొచ్చింది ఇంకొకటి. హోంవర్కు మార్చాను. క్లాసులో నేర్చుకున్న వాక్యం ఒకటి మర్నాడు ఫ్యాక్టరీలో ఎవరో ఒకరికి చెప్పాలి. చెప్పి వదిలేయకూడదు. అవతలివాళ్ళు ఏం జవాబిచ్చారో ఆ జవాబు ఏ భాషలో ఉంటే ఆ భాషలో, ఉన్నది ఉన్నట్టు పట్టుకొచ్చి నాకు అప్పజెప్పాలి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు. ఫెయిత్ వాళ్ళ ఆస్పత్రిలో డాక్టరు నోటితో చెప్పిన మందుని నర్సు తిరిగి అప్పజెబుతుంది, అక్కడి నుంచి ఎత్తుకొచ్చాను.

ఇప్పుడు నా క్లాసు చూడాలి నువ్వు. వూ అని కుర్రాడు క్యాంటీనులో “రెండు రొట్టెలు తీసుకోవచ్చా” అని ఇంగ్లీషులో అడిగాడట. వంటవాడి జవాబు గొంతుతో సహా అప్పజెప్పాడు: “అరే లే లో భయ్యా, బారాత్ మే ఆయే హో క్యా, జో పూఛ్ రహే హో?” తీసుకోవయ్యా, పెళ్ళికొచ్చావా అడగడానికి, అని. వూకి ఒక్క ముక్క తెలియదు. కిటికీ అవతల మునేశ్ పడిపడి నవ్వింది. మునేశ్ అంటే నాలుగో నంబరు మెషీను మీద పనిచేసే మనిషి. దాద్రీ దగ్గర ఊరు. ఇద్దరు పిల్లలు. షిఫ్టు అయ్యాక బండి వచ్చేదాకా మా కిటికీ దగ్గర నిలబడుతుంది.

లియాంగ్ మాత్రం నవ్వించే హోంవర్కు తేలేదు. అతను ‘టేక్ ఆఫ్’ పెట్టి ఇంగ్లీషులో చెప్పిన వాక్యం: నాలుగో నంబరుని లైను నుంచి తీసేయండి, గేటు స్విచ్చి బాగోలేదు. చెప్పింది ప్రొడక్షన్ మేనేజర్ రఘువీర్‌కి. జవాబు అప్పజెప్పే ముందు గొంతు సవరించుకుని, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు: “దేఖియే జనాబ్, చార్ నంబర్ బంద్ కర్నా హై, మాలూమ్ హై హమ్‌కో. దీవాలీ కా మాల్ నికల్ జాయే, ఫిర్ దేఖేంగే.” ఆపాలని మాకూ తెలుసు, దీపావళి సరుకు వెళ్ళాక చూద్దాం, అని. నేను ఇంగ్లీషులో అర్థం చెప్పగానే లియాంగ్ కూర్చుండిపోయాడు. జవాబు అతనికి నా దగ్గరే తెలిసింది.

స్విచ్చి ఏమిటని అడిగాను. టిఫిన్ డబ్బా మూత తెరిచి మూసి చూపించాడు. గేటు తెరిస్తే మెషీను ఆగిపోవాలి. ఆగినప్పుడల్లా కొంత టైము పోతుంది. అందుకని స్విచ్చిని తీగతో కట్టేశారు. ఇప్పుడు గేటు తెరిచినా మెషీను ఆగదు. అచ్చు రెండు సగాలూ మూసుకుంటాయి. మధ్యలో ఏముందో దానికి తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు జశ్వంత్ కారు దాకా వచ్చాడు. చెప్పాను. “ఆంటీ, అది ప్రొడక్షన్ వాళ్ళ విషయం. మీరు ఇంగ్లీషు చూసుకోండి” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కన్నేసి ఉంచమన్నావు కనుక రాస్తున్నాను.

రెబ్కా

*

కాకినాడ,
అక్టోబరు 11

రెబ్కా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఒంట్లో బాగోలేదు, పెద్దదేమీ కాదు.

ఒక మాట అడుగుతాను. ఆ లియాంగ్ అనే అతనికి అసలు ఇంగ్లీషు ఏమాత్రం వచ్చు? జశ్వంత్ ఫోనులో అంటున్నాడు, అతను చెప్పేది ఎవరికీ బోధపడదని. నువ్వూ ముప్పై ఎనిమిదే వేశావు కదా. నీకూ అలాగే అనిపించి ఉంటుంది. ఒక ముక్క రాయి.

ఇంద్రజకి ఎనిమిదో నెల. నేను కార్తీక మాసంలో వెళ్దామనుకుంటున్నాను.

పూర్ణ

*

ఇందిరాపురం,
అక్టోబరు 17

పూర్ణా,

నీ ఉత్తరం మీద పదకొండో తేదీ ఉంది. నాలుగో నంబరు మెషీనులో మునేశ్ చెయ్యి పడింది ఏడో తేదీన. నీకు తెలిసే రాశావా? ఈ ప్రశ్నకి జవాబు కావాలి. మిగతాది తర్వాత చదువు.

తెలియదనుకునే రాస్తున్నాను. ఒక ముక్క అచ్చులో ఇరుక్కుంది. గేటు తెరిచి తీయబోయింది. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి, మూడోది ఉంటుందో లేదో చెప్పలేమంటున్నారు. ఆస్పత్రికి వెళ్ళాను. ఏడవడం లేదు. పొద్దున కంపెనీ మనిషి వచ్చి, గేటు తెరవడం నీ పొరపాటేనని వేలిముద్ర వేయమన్నాడట. ఎడమ బొటనవేలు చూపించి నన్నడిగింది: “మేడమ్ జీ, ఉంగ్లీ భీ మేరీ గయీ, గల్తీ భీ మేరీ?” వేళ్ళూ నావే పోయాయి, తప్పూ నాదేనా అని. వేయలేదు.

నిన్న జశ్వంత్ ఇంటికి వచ్చాడు. స్వీట్ల డబ్బా తెచ్చాడు. దీపావళికట. దాని కింద ఒక కాగితం. టైపు చేసి ఉంది, నా సంతకానికి చోటు వదిలి ఉంది. సారాంశం ఇది: లియాంగ్‌కి ‘టేక్’తో వచ్చే మాటల్లో తేడాలు తెలియవు. గేటు స్విచ్చి తీసేయమని అతను చెప్పినట్టు సిబ్బంది అర్థం చేసుకోవడం సహజం. ఇది భాష వల్ల జరిగిన ప్రమాదం. టీచరుగా ధ్రువీకరిస్తున్నాను. కింద నా ముప్పై ఎనిమిది మార్కులు.

“చదివావా ఇది?” అన్నాను.

“లీగల్ వాళ్ళు తయారుచేశారు ఆంటీ. మామూలు ఫార్మాలిటీ.”

“అతను చెప్పింది మెషీన్ని తీసేయమని. స్విచ్చి అప్పటికే కట్టి ఉంది. కట్టి ఉంది కనకే చెప్పాడు. సెప్టెంబరులో కారు దగ్గర నీకే చెప్పాను.”

“మీరు చెప్పలేదు ఆంటీ.”

నా కళ్ళలోకి చూసే అన్నాడు, పూర్ణా. ఆ తర్వాత టీపాయ్ వైపు చూశాడు. “లియాంగ్ ఎలాగూ వెళ్ళిపోయేవాడు. వాళ్ళ దేశంలో వాడికి ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మునేశ్‌కి ఇచ్చేది కంపెనీ ఇస్తుంది. ఎవరికీ నష్టం లేదు. మీరు ఇవ్వకపోతే మాత్రం...” అని ఆగాడు.

“ఇవ్వకపోతే?”

“మీకు ఈ ఉద్యోగం ఇప్పించింది నేను. నన్ను అడుగుతారు.”

ఫెయిత్ గదిలోంచి వింటోంది. అతను వెళ్ళాక వచ్చి, “మమ్మీ, ఛోడో నా. ఆప్‌కో క్యా మిలేగా?” అంది. వదిలెయ్, నీకేమొస్తుంది అని. వాళ్ళ వార్డులో డాక్టరు తప్పు మందు చెప్పి, నర్సుకి ఇంగ్లీషు రాదని రాయమంటే సంతకం పెడతావా అని అడిగాను. లోపలికి పోయింది. కాసేపటికి వచ్చి స్వీట్ల డబ్బా వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చింది.

కాగితం మీద సంతకం పెట్టలేదు. పెట్టను. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

నా ప్రశ్నకి జవాబు రాయి.

రెబ్కా

*

కాకినాడ,
అక్టోబరు 25

శ్రీమతి రెబ్కా గారికి,

తెలిసే రాశాను. వాడు ఎనిమిదో తేదీన ఫోను చేశాడు. ఇక అడగకు.

నీకు ఆలోచించడానికి ఏమీ లేదు. నాకు ఉంది. నీ ఇల్లు నీ పేరు మీద ఉంది, పెన్షను నెలనెలా వస్తుంది, నీ కూతురికి నిలకడైన ఉద్యోగం. నిజం చెప్పడానికి నీకు ఖర్చేమీ లేదు. మా వాడు ఏడాదిపాటు పొద్దున్నే స్నానం చేసి, షర్టు టక్ చేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కుర్చీలో కూర్చున్నాడు. అది నువ్వు చూడలేదు. నేను చూశాను. వచ్చే నెల వాడికి బిడ్డ పుడుతుంది.

నువ్వు సంతకం పెడితే ఆ చైనా మనిషికి పోయేదేమిటి? రేపో మాపో విమానం ఎక్కేవాడే. ఆ ఆడమనిషికి వేళ్ళు తిరిగొస్తాయా? నీ మార్కులు నువ్వు వేసినవే కదా. నీ చేత్తో వేసిన ముప్పై ఎనిమిదిని నీ నోటితో చెప్పమన్నారు, అంతేగా. పరాయివాళ్ళ కోసం ఇంత నిలబడేదానివి, మా వాడి చిన్నప్పుడు నలభై బదులు యాభై వేసి ఉంటే వాడికి కాస్త ధైర్యమైనా వచ్చేది.

ఉద్యోగం ఇప్పించినవాడి మీద ఎవరైనా ఇలా తిరగబడతారా? నేను అడుగుతున్నాను. నేను నిన్ను ఇంతవరకూ ఏదీ అడగలేదు.

అన్నపూర్ణేశ్వరి

*

ఇందిరాపురం,
నవంబరు 9

అన్నపూర్ణేశ్వరి గారికి అని రాసి కొట్టేశాను. పూర్ణా అనే రాస్తాను. నువ్వు ఎలా రాసుకున్నా సరే.

నీ ఉత్తరంలో ఒకటి నిజం. నిజం చెప్పడానికి నాకు ఖర్చు తక్కువ. అందుకే నేను చెప్పాలి. మునేశ్ చెబితే పనికి తీసుకెళ్ళే కాంట్రాక్టరు బండి ఊళ్ళో ఆమె గుమ్మం దగ్గర ఆగదు. లియాంగ్ చెబితే ఇంగ్లీషు రానివాడు చెప్పాడంటారు. ఖర్చు లేనివాళ్ళు కూడా నోరు మూసుకుంటే ఇంకెవరు మాట్లాడతారు?

మొన్న ఆరో తేదీన విచారణ జరిగింది. ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వచ్చాడు. పొట్టిగా, జలుబు చేసి ఉన్నాడు. నన్ను ఎవరూ పిలవలేదు. నేను పంపిన ఉత్తరం చూసి ఆయనే రమ్మన్నాడు. మీటింగు గదిలో రఘువీర్, కంపెనీ వకీలు, నీ కొడుకు, లియాంగ్, నేను. మునేశ్ చేతికి కట్టుతో వచ్చింది. కుర్చీ వేశారు, కూర్చోలేదు.

వకీలు నా మార్కుల కాగితం తీసి, “మేడమ్, ఇది మీ సంతకమేనా? ముప్పై ఎనిమిది. ఫెయిలు కాదా ఇది?” అన్నాడు.

“ఫస్టు. ఆరుగురిలో ఫస్టు. నా దగ్గర ముప్పై ఏళ్ళలో డెబ్బై దాటినవాళ్ళు లేరు.”

“అయితే అతని ఇంగ్లీషు బాగుందంటారా?”

“బాగోలేదు. అదే పేపరు నా సంచీలో ఉంది. ఈ గదిలో అందరికీ ఇస్తాను, అరగంట చాలు. ముప్పై ఎనిమిది దాటినవాళ్ళు అతని ఇంగ్లీషు తక్కువని రాయండి. నేను కింద సంతకం పెడతాను.”

అధికారి ముక్కు చీది, “నాకొద్దమ్మా” అన్నాడు హిందీలో. రఘువీర్ నవ్వాడు. వకీలు కాగితం లోపల పెట్టుకున్నాడు.

అప్పుడు రఘువీర్ తన మాట చెప్పాడు. స్విచ్చి తీసేయమని లియాంగ్ అన్నాడనే మేం అనుకున్నాం సార్, పరాయి భాష, ఏం చేస్తాం, అని. చాలా నమ్రతగా చెప్పాడు. అధికారి లియాంగ్ వైపు తిరిగి, నువ్వేమన్నావు అని అడిగాడు. లియాంగ్ చెప్పాడు. మాట మాటకీ మధ్య ఆగుతూ చెప్పాడు. అధికారికి సగమే అర్థమైనట్టుంది. నా వైపు చూశాడు.

“అతన్ని ఇంగ్లీషులో అడగకండి. రఘువీర్ గారు ఇచ్చిన జవాబు ఏమిటో అడగండి” అన్నాను.

లియాంగ్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. “దేఖియే జనాబ్” అన్నాడు. మునేశ్ తల ఎత్తింది. చార్ నంబర్ బంద్ కర్నా హై, మాలూమ్ హై హమ్‌కో. దీవాలీ కా మాల్ నికల్ జాయే, ఫిర్ దేఖేంగే. రఘువీర్ సాగదీసే చోట సాగదీసి, మింగేసే చోట మింగేసి, ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు. టీ కప్పులు తీయడానికి వచ్చిన మనిషి తలుపు దగ్గర నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. హిందీ రాని మనిషి ఈ వాక్యం ఎక్కడ తయారుచేసుకోగలడు? అధికారి రఘువీర్‌ని చూసి, “జనాబ్, బంద్ చేయాలని మీకు మాలూమే అన్నమాట” అన్నాడు. రఘువీర్ మొహంలో నమ్రత పోయింది.

లియాంగ్ మాటల్లో తప్పులుంటాయి. ఆ రోజు చెప్పిన మాట అందరికీ అర్థమైంది. అర్థం కావడం వల్ల మెషీను ఆగలేదు, అంతే. భాష మీదకి నెట్టనివ్వను. ముప్పై ఏళ్ళు దాని మీద బతికాను.

ఇక నీకు రాయాల్సింది. అధికారి చివర్లో నీ కొడుకుని అడిగాడు. “హెచ్.ఆర్. సాబ్, స్విచ్చి కట్టి ఉందని ప్రమాదానికి ముందు మీకు ఎవరైనా చెప్పారా?” జశ్వంత్ నన్ను చూశాడు. మునేశ్‌ని చూశాడు. “లేదు సార్, నాకు తెలియదు” అన్నాడు. అధికారి రాసుకున్నాడు. మళ్ళీ ఇరవయ్యో తేదీన వస్తానని, అప్పుడు అందరి వాంగ్మూలాలూ సంతకాలతో తీసుకుంటానని చెప్పి వెళ్ళాడు.

నేను అక్కడ లేచి, ఇతనికి చెప్పింది నేనే అనగలిగి ఉండేదాన్ని. అనలేదు. ఇరవయ్యో తేదీన అంటాను. మధ్యలో ఉన్న రోజులు వాడికి ఇచ్చాను. నీ కొడుకు కనుక ఇచ్చాను. ఇంకోడికి ఇచ్చేదాన్ని కాదు. వెళ్ళి వాడికి చెప్పు, చెప్పకపో, నీ ఇష్టం.

క్లాసు రద్దయింది. గేటు దగ్గర నా పాస్ తీసుకున్నారు. నిన్న సాయంత్రం ఆరుగురూ మెట్రో ఎక్కి, ఆటో మాట్లాడుకుని మా ఇంటికి వచ్చారు. భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. కంపెనీ వద్దన్నదిగా అంటే, “పని అయ్యాక టైము మాది” అన్నాడు వూ. వాక్యం తప్పు లేకుండా చెప్పాడు. బల్ల చిన్నది, ఫెయిత్ తన గదిలో కుర్చీ కూడా తెచ్చి ఇచ్చింది.

నలభై బదులు యాభై వేయాల్సిందన్నావు. ఆ పరీక్షలో వాడికి నలభై కన్నా రాలేదు, పూర్ణా. వాడి తెలివికి ఇంకా రావాలి. అప్పుడూ అదే చెప్పాను.

రెబ్కా

*

కాకినాడ,
నవంబరు 14

రెబ్కా,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. మొదటి రోజు చింపేద్దామనుకున్నాను.

నేను నీకు రాయనిది ఇది. అక్టోబరు ఎనిమిదో తేదీ పొద్దున జశ్వంత్ ఫోను చేసినప్పుడు ఏడుస్తున్నాడు. “అమ్మా, ఆంటీ నాకు ముందే చెప్పింది. నేను రఘువీర్‌ని అడిగాను. నోరు మూసుకోమన్నాడు. మూసుకున్నాను” అన్నాడు. అదే వాడు నాతో చెప్పిన మొదటి మాట. ఎవరితోనూ అనకు అన్నది నేను. ఆంటీ చేత సంతకం పెట్టించు, ఆవిడ నా మాట కాదనదు అన్నదీ నేనే. వాడికి స్వీట్ల డబ్బా కొనమని కూడా నేనే చెప్పాను. వాడు అబద్ధమాడాడని రాశావు. నేర్పింది నేను. ఇది నీకు తెలియాలి, ఎందుకంటే నువ్వు వాడొక్కడి మీదే కోపంగా ఉన్నావు.

నిన్న ఫోను చేసి, ఇరవయ్యో తేదీన ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాను. “ఉద్యోగం పోతుందమ్మా” అన్నాడు. పోతుంది అన్నాను. “ఇంద్రజకి ఏం చెప్పను?” అన్నాడు. నేను చెబుతాను అన్నాను. “నువ్వే కదా వద్దన్నావు?” అన్నాడు. అవును, నేనే, ఇప్పుడు నేనే చెబుతున్నాను అన్నాను. ఫోను పెట్టేశాడు. పొద్దుట్నుంచి ఎత్తడం లేదు.

ఎత్తకపోతే పోనీ. పద్దెనిమిదిన సామర్లకోటలో రైలెక్కుతున్నాను. ఇరవయ్యో తేదీ పొద్దున వాడి గుమ్మం ముందు ఉంటాను. వాడు నాతో ఫ్యాక్టరీకి వచ్చి చెబితే సరే. రాకపోతే నేనే వెళ్తాను. గేటు దగ్గర ఆపితే గేటు దగ్గరే నిలబడి చెబుతాను, నా కొడుకు ఎనిమిదో తేదీన నాతో ఏమన్నాడో. నాకు ఇంగ్లీషులో మాట్లాడడం రాదు, హిందీ అంతంత మాత్రం. తెలుగులో చెబుతాను. ఆ అధికారికి నువ్వు అర్థం చెప్పు.

కన్నకొడుకు మీద ఇలా వెళ్తావా అని మా ఆడపడుచు అడిగింది. కన్నాను కనకే వెళ్తున్నాను అన్నాను. ఆమెతో మాటలు లేవు ఇప్పుడు. నీతో ఉంటాయో లేదో నాకు తెలియదు. ఉండాలని అడగడానికి కూడా రాయడం లేదు. పందొమ్మిది రాత్రి వాడింట్లో పడుకోలేను, మీ ఇంట్లో ఒక మంచం ఉందని తెలుసు కనక రాస్తున్నాను.

పందొమ్మిది సాయంత్రం న్యూఢిల్లీ స్టేషన్లో దిగుతాను. వాడికి బండి నంబరు చెప్పలేదు. నువ్వు రా.

పూర్ణ